గణపత్‌రావు సైకిలు కిర్రుమన్న రోజు

పుణె శనివారపేటలో సైకిళ్ళు బాగుచేసే గణపత్‌రావు శితోళేకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కిర్రుమన్న చప్పుడు వింటే తట్టుకోలేడు. ఎండకు ఓర్చుకుంటాడు, ఆకలికి ఓర్చుకుంటాడు, భార్య పారూబాయి నోటికి కూడా పాతికేళ్ళుగా ఓర్చుకుంటున్నాడు. కానీ సందు మొగలో ఎవరి సైకిలో కిర్రుమన్నదంటే నోట్లో ముద్ద మింగడు. చెయ్యి పైకెత్తి, "ఆగు! వినపడిందా?" అంటాడు. వినపడలేదన్నవాణ్ణి చూసి జాలిపడతాడు. వినపడిందన్నవాడి సైకిలు లాక్కుంటాడు.

ఆ రోజుల్లో మా పుణెలో ఇంటికి మూడేసి సైకిళ్ళు. కాబట్టి పాపం ఆయనకు ముద్ద మింగే తీరికే ఉండేది కాదు. ఊళ్ళో అన్ని దుకాణాల్లాగే ఆయన దుకాణం ముందూ వచ్చినవాణ్ణి చివాట్లు పెట్టే బోర్డులుండేవి. "గాలి పంపు ఎదురుగానే ఉంది. ఉందా అని అడగవద్దు." "ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా నిద్రపోతాం. తలుపు కొట్టి మీ చెయ్యి నొప్పి పెట్టుకోవద్దు." అన్నిటికంటే పైన ఎర్ర రంగుతో ఇంకొకటి: "మీ సైకిలు చప్పుడు చెయ్యడం లేదని మీరనుకుంటున్నారు."

నూనె డబ్బా పట్టుకొచ్చినవాడు ఆయనకు పరమ శత్రువు. "నూనె పోస్తే చప్పుడు చావదు నాయనా, దాక్కుంటుంది" అనేవాడు. ముందు తానే సైకిలెక్కి తొక్కేవాడు. తర్వాత సీటు మీంచి లేచి నిలబడి తొక్కేవాడు. చప్పుడు ఆగిందా, దొంగ సీటు కింద ఉన్నట్టు. తొక్కడం మానేసి ఊరికే వదిలేసేవాడు. అప్పుడూ ఆగలేదా, చక్రంలో ఉన్నట్టు. అప్పటికీ దొరక్కపోతే పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇనుముకు, పిడి తన చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. అరగంట పట్టనీ, అరపూట పట్టనీ, దొరికేదాకా వదిలేవాడు కాదు. సైకిలు తాలూకు మనిషికి ఆఫీసుంది, పెళ్ళుంది, రైలుంది అంటే ఆయనకు పట్టదు.

ఒకసారి దొంగను తరుముకుంటూ పోతున్న హవల్దారు సైకిలుకే అడ్డం పడ్డాడు.

"తప్పుకో! దొంగ పోతున్నాడు!"

"ఈ చప్పుడుతో వెళ్తే ఏ దొంగ దొరుకుతాడండీ? రెండు వీధుల అవతలికి వినపడుతోంది. వాడి సైకిలు చూడండి, చిన్న చప్పుడైనా ఉందా?"

"వాడి సైకిలు సంగతి నీకెట్లా తెలుసు?"

"మొన్న బాగుచేసింది నేనే కదా!"

హవల్దారు ఆయన్ని తీసుకుపోయి ఠాణాలో కూర్చోబెట్టాడు. ఠాణా బెంచీ కిర్రుమంది. గంట తర్వాత వాళ్ళే దండం పెట్టి ఇంటికి పంపేశారు. ఇంకోసారి నాటకంలో నాయిక అరగంటసేపు పాట పాడుతూ ప్రాణాలు విడుస్తుంటే, ఈయన మూడో వరస కుర్చీ కిందికి దూరి స్పానరు తిప్పుతున్నాడు. జనం కేకలేస్తే, "అయ్యా, చచ్చే మనిషిని ప్రశాంతంగా చావనివ్వరా?" అన్నాడు.

జబ్బు చిన్ననాటిది. స్కూల్లో లెక్కల పరీక్ష నాడు బెంచీ చప్పుడు చేస్తోందని మూడు గంటలూ దాని కిందే గడిపాడు. బెంచీ బాగుపడింది, పరీక్ష పోయింది. లెక్కలు చెప్పే లిమయే మాస్టారు తెల్ల కాగితం మీద "బెంచీకి అయిదు మార్కులు" అని రాసి సంతకం పెట్టారు. గణపత్‌రావు జీవితంలో తెచ్చుకున్న మార్కులు అవే.

ఇక ఆయన సొంత సైకిలు. నల్లటి పాత సైకిలు. పక్కనుంచి పోతే పడుకున్న పిల్లి కూడా తలెత్తేది కాదు. చప్పుడే లేదు కాబట్టి జనం తప్పుకోవడానికి దారి పొడుగునా గంట కొడుతూ ఉండాల్సి వచ్చేది. "నాకు పిల్లలు లేకపోతేనేం, సవతి ఉంది" అనేది పారూబాయి దాన్ని చూపించి.

ఇలాంటి మనిషి మీద లిమయే మాస్టారి కోడలు వత్సల ఆ ఏడు వానలు వెనకపట్టే రోజుల్లో కత్తి కట్టింది.

ఊరికే కట్టలేదు. మాస్టారికి డెబ్బై రెండేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. "ఇంకా ముదరలేదు. దీపావళి వెళ్ళాక ఆపరేషను చేద్దాం. అప్పటిదాకా రోడ్డు మీద జాగ్రత్త" అన్నాడు డాక్టరు. మాస్టారు బుద్ధిగా తలూపి, బయటికొచ్చి, సైకిలెక్కి, డాక్టరుగారి గేటును ఒకసారి, గేటు బయట ఆవును ఒకసారి గుద్దుకుని ఇంటికొచ్చారు.

రోజూ తొమ్మిదీ నలభైకి ఆయన ఇల్లు కదలాలి. లక్డీ వంతెన దాటి, పదింటికి అవతలి గ్రంథాలయం తలుపు తెరిచేసరికి అందరికంటే ముందు లోపలికి పోయి కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి. భూతద్దం పెట్టి పేపర్లో తప్పులు పట్టి సంపాదకుడికి ఉత్తరం రాయాలి. సరిగ్గా ఆ వేళకే ఊరు ఊరంతా ఆ వంతెన మీద ఉంటుంది. బస్సులు, లారీలు, టాంగాలు, లెక్కలేనన్ని సైకిళ్ళు. పదకొండు కొట్టేసరికి అదే వంతెన మీద కుక్కలు కాళ్ళు చాపుకుని పడుకుంటాయి.

"మామయ్యా, పదకొండింటికి వెళ్ళకూడదా?" అంది వత్సల.

"పదింటికి తెరిచే చోటికి పదకొండింటికి వెళ్ళేవాణ్ణి ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"ముసలాడంటారు" అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయారు మాస్టారు.

వత్సల భర్త మాధవ్ మందుల కంపెనీ పని మీద నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడు. "నాన్నకు చెప్పడం నా వల్ల కాదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అని నాసిక్ నుంచి కార్డు రాశాడు. సరే, వత్సల ఏదో ఒకటి చేసింది. మాస్టారు టోపీ వెతుక్కునే సమయానికి పోపు పని వదిలేసి వచ్చి, వెనక చక్రం వాల్వు విప్పి, దాని మీద తొడిగే చిటికెన వేలంత రబ్బరు గొట్టం లాగేసేది. గాలి బుస్సుమనేది. ఆమె గుండె అంతకంటే గట్టిగా కొట్టుకునేది. మామగారి సైకిలుకు గాలి తీసే కోడలని తెలిస్తే పేట నోరు మూయించగలరా ఎవరైనా? గొట్టాన్ని తీసుకుపోయి పోపుల పెట్టెలో ఆవాల కింద దాచేది.

అంతా చేస్తే లాభం రెండు నిమిషాలు. మాస్టారు విసుక్కుంటూ సైకిలు నడిపించుకుని మూడిళ్ళ అవతలున్న గణపత్‌రావు దగ్గరికి వెళ్ళేవారు. ఆయన కొత్త గొట్టం తొడిగి, గాలి కొట్టి, "వెళ్ళిరండి సర్" అని పంపేసేవాడు. వత్సల కిటికీలోంచి చూసి పళ్ళు కొరుక్కునేది. మళ్ళీ మాస్టారు ఇల్లు చేరేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. దూరాన బస్సు గట్టిగా హారన్ కొడితే చాలు, చేతిలో గరిటె ఆగిపోయేది.

ఆరు రోజులు ఇట్లా గడిచాయి. ఏడో రోజు మాస్టారు ఉడికిపోతూ ఇంటికొచ్చారు.

"ఆ శితోళేకి పూర్తిగా మతి పోయింది! నా సైకిలు కిర్రుమంటోందట. నాకేం వినపడలేదయ్యా అన్నాను. 'నడిపేవాడికి వినపడదు సర్' అంటాడు! సీటు ఊడదీశాడు, చక్రం ఊడదీశాడు, చెవికి స్క్రూడ్రైవరు పెట్టుకుని తపస్సు చేశాడు. చివరికి 'ఇవాళ దొరకలేదు, రేపు చూద్దాం' అన్నాడు. వెళ్ళేసరికి నా కుర్చీలో ఎవడో నిద్రపోతున్నాడు!"

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. పది రోజులు గణపత్‌రావు ఆ లేని చప్పుడు కోసం వెతుకుతూనే ఉన్నాడు. వత్సలకు కొత్త భయం పట్టుకుంది. ఆలస్యమైన మనిషి ఆదరాబాదరా తొక్కడూ? అసలే కళ్ళు కనపడని మనిషి!

పదో రోజు సాయంత్రం మాస్టారు ఒక పంపు, వాల్వు గొట్టాల పొట్లం కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టారు.

"రేపట్నుంచి గాలి నేనే కొట్టుకుంటాను. ఈ సందులోంచి అసలు వెళ్ళను. లక్ష్మీ రోడ్డు మీదుగా పోతాను. ఆ పిచ్చివాడి మొహం చూసే పని లేదు."

సందులో అయితే ప్రతి గుంటా, ప్రతి అరుగూ ఆయనకు తెలుసు. లక్ష్మీ రోడ్డు మీద పొద్దున పదింటికి కళ్ళున్నవాళ్ళకే దిక్కు లేదు. వత్సల పొయ్యి మీద ఆమ్టీ పప్పు అట్లాగే వదిలేసి, కాళ్ళకు కొల్హాపురీ చెప్పులు తగిలించుకుని గణపత్‌రావు దుకాణం మీద పడింది.

"గణపత్‌రావ్! మీ పిచ్చి మీ దగ్గరే పెట్టుకోండి!"

ఆయన చెయ్యెత్తాడు. "ఒక్క క్షణం వదినమ్మా. ఎడమ చెప్పు కిర్రుమంటోంది."

"ఆ చెప్పు తీశానంటే ఇంకో రకం చప్పుడు వినిపిస్తుంది! మామయ్యకు కళ్ళు కనపడవు. మీ బాధ పడలేక రేపట్నుంచి లక్ష్మీ రోడ్డు మీదుగా పోతానంటున్నారు. ఏమన్నా అయితే ఆ పాపం ఎవరిది? లేని చప్పుడు కోసం ఉన్న మనిషిని చంపుతారా?"

గణపత్‌రావు మొహం పాలిపోయింది. చేతిలో స్పానరు కింద పెట్టేశాడు.

"లక్ష్మీ రోడ్డా? ఎన్నింటికి?"

"ఎప్పుడూ వెళ్ళే వేళకే. ఏం, అక్కడికీ వచ్చి సీటు ఊడదీస్తారా?"

ఆయన గోడకు ఆనించిన తన నల్ల సైకిలు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నీరసంగా, "వెళ్ళండి వదినమ్మా, మీ ఇంట్లో ఏదో మాడుతోంది" అన్నాడు. నిజంగానే మాడింది.

మర్నాడు తొమ్మిదీ నలభైకి మాస్టారు పెద్ద రోడ్డు వైపు తిరిగారు. వత్సల తలుపుకు గొళ్ళెం పెట్టి వెనకే పరుగు తీసింది. లక్ష్మీ రోడ్డు కిటకిటలాడుతోంది. మాస్టారి నల్ల టోపీ జనంలో ఒకసారి కనపడుతోంది, ఒకసారి మాయమవుతోంది. ఒక బస్సు ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది. ఒక టాంగావాడు కళ్ళేలు లాగి, "తాతా, స్వర్గానికా?" అని అరిచాడు. "మామయ్యా!" అని వత్సల పెట్టిన కేక లారీ హారన్‌లో కలిసిపోయింది. వంతెన ఇంకో రెండు వందల గజాలు ఉందంతే. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. ఆయన్ని అందుకోవడం తన వల్ల కాదని తెలిసిపోతోంది.

అప్పుడు వినపడింది ఆ చప్పుడు.

కిర్ర్... కటక్... కీఈఈచ్! కిర్ర్... కటక్... కీఈఈచ్!

రోడ్డు మీద తల తిప్పని మనిషి లేడు. టాంగా గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. పూలమ్మే ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుని, "అయ్యయ్యో! శితోళే సైకిలు!" అంది. అవును, గణపత్‌రావే! రెండు చెవుల్లో దూది కుక్కుకుని, పళ్ళు బిగించి, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా తన నల్ల సైకిలు మీద దూసుకొచ్చి, సరిగ్గా మాస్టారి ముందుకు వచ్చి నెమ్మదించాడు.

మాస్టారు బ్రేకు వేశారు. ఒక చెవి రిక్కించి విన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఆగు! వినపడిందా?"

"ఏమిటి సర్?"

"శితోళే! నీ సైకిలు! కిర్రుమంటోంది!"

"నాకేం వినపడలేదే" అన్నాడు గణపత్‌రావు బిక్కమొహంతో.

"నడిపేవాడికి వినపడదు!" పది రోజుల పగ మాస్టారి గొంతులో పలికింది. "దిగు! అట్లా అరుగు మీదికి రా. లేని చప్పుడు కోసం నా సీటు ఊడదీశావు కదూ? ఉన్న చప్పుడు ఎట్లా పట్టుకోవాలో నేను చూపిస్తాను. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలి. చివరికి ఏది మిగిలితే అదే దొంగ. ఇంత చిన్న లెక్క నీకు ఆనాడూ రాలేదు, ఈనాడూ రాలేదు!"

మాస్టారు గ్రంథాలయాన్ని మర్చిపోయారు, కిటికీ పక్క కుర్చీని మర్చిపోయారు. పెడలు తిప్పారు, చక్రం తిప్పారు, సీటు మీద గుద్దారు. పది కొట్టింది. ఊరు ఊరంతా వంతెన మీదికి ఎగబడింది. పదిన్నరైంది. మాస్టారు వేళ్ళతో తడిమి తడిమి సీటు కింద వదులైన నట్టు పట్టుకుని కేక పెట్టేసరికి పదకొండుకు పది నిమిషాలుంది. వంతెన మీదికి మొదటి కుక్క వచ్చింది.

వత్సల పూలబుట్టల వెనక నిలబడి చూస్తోంది. గణపత్‌రావు సైకిలు వైపు ఒక్కసారీ చూడలేదు. మాస్టారి తల మీదుగా వంతెన వైపే చూస్తున్నాడు, బస్సులు తగ్గాయా లేదా అని. వెనక జేబులోంచి స్పానరు తొంగిచూస్తోంది. అప్పుడు ఆమెకు మొత్తం అర్థమైంది. ఆ పది రోజులూ అర్థమయ్యాయి. పక్కనున్న పూలబుట్ట మీదే కూలబడింది.

"లే తల్లీ, లే! దేవుడి పూలు!" అని పూలావిడ గొడవ పెట్టింది.

ఆ మధ్యాహ్నం రెండింటికి వత్సల బోర్డు చూసి కూడా దుకాణం తలుపు కొట్టింది. పారూబాయి తీసింది. "రా తల్లీ. అన్నం ముట్టలేదు. ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాడు" అంది. లోపల గణపత్‌రావు నల్ల సైకిలు సీటు నిమురుతూ కూర్చుని ఉన్నాడు.

"మీకెట్లా తెలిసింది గణపత్‌రావ్?"

ఆయన చెవుల్లోంచి దూది తీశాడు. "వరసగా ఆరు రోజులు పంక్చరు లేకుండా గాలి పోయింది. వాల్వు మీద చూస్తే పసుపు మరక. మాస్టారు వంట చెయ్యరు కదా వదినమ్మా! మీ భయమేమిటో అర్థమైంది. పదకొండుదాకా ఆపితే చాలనుకున్నాను. 'మీకు కనపడదు, వెళ్ళొద్దు' అంటే ఆయన వింటారా? అది విన్నాక బతుకుతారా? నాకు కిర్రు పిచ్చని ఊరందరికీ తెలుసు. ఆ పిచ్చి చాటున ఏం చేసినా ఎవరూ అనుమానించరు."

"మరి ఇవాళ మీ సైకిలు... మీ చేత్తో మీరే..."

"ఆ మాట అనకండి" అన్నాడాయన.

"దీపావళి దాకా ఎట్లా ఓర్చుకుంటారండీ?"

"దూది ఉందిగా."

ఓర్చుకున్నాడు మహానుభావుడు. రోజూ పొద్దున ఒక నట్టు వదులు చేసేవాడు. ఒకరోజు సీటు, ఒకరోజు పెడలు, ఒకరోజు మడ్‌గార్డు. మాస్టారు లక్ష్మీ రోడ్డు ఊసే మానేశారు. తొమ్మిదీ నలభై ఎప్పుడవుతుందా అని చూసి నేరుగా దుకాణానికే వచ్చి, "ఏదీ, ఇవాళ ఎక్కడ?" అనేవారు. పదకొండుకు దొంగను పట్టుకుని, తృప్తిగా ఖాళీ వంతెన మీదుగా వెళ్ళేవారు. అంతటితో ఊరుకోలేదు. ఎర్ర బోర్డు కింద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాశారు: "ఈ దుకాణదారుడి సైకిలే కిర్రుమంటుంది. - రా. గో. లిమయే." పేట పేటంతా వచ్చి చదివి నవ్వింది. హవల్దారు పనిగట్టుకుని రెండుసార్లు వచ్చి చదివాడు. గణపత్‌రావు పరువు గంగలో కలిసింది. ఆయన ఆ రాత చెరపలేదు.

దీపావళి వెళ్ళింది. ఆపరేషన్ అయింది. కట్లు విప్పి, సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టారు. మాస్టారు మొట్టమొదట కోడలి మొహం చూసి, "చిక్కిపోయావేం?" అన్నారు. డాక్టరు సైకిలు తొక్కవచ్చన్న రోజు, తొమ్మిదీ నలభైకి బయల్దేరారు. ఈసారి వత్సల భయం బస్సుల గురించి కాదు. ఇప్పుడాయనకు అన్నీ కనపడతాయి. ఏదో వంకతో వెనకే వెళ్ళింది.

గణపత్‌రావు ఆ రోజు తెల్లవారగానే దూది పారేసి, నల్ల సైకిలుకు ప్రతి నట్టూ బిగించి, పేట చుట్టూ మూడుసార్లు తొక్కి, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. మాస్టారు వచ్చారు. సైకిలు ముందు గొంతుక్కూర్చున్నారు. అద్దాలు పైకి తోసుకుని సీటు నట్టు చూశారు. పెడలు నట్టు చూశారు. రోజూ విప్పి బిగించీ, విప్పి బిగించీ నట్ల మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఆ తర్వాత ఆయన స్పానరు వైపు చూశారు. గణపత్‌రావు మొహం చూశారు. బోర్డు కింద తన సుద్ద రాత చూశారు.

గణపత్‌రావు మింగలేక కక్కలేక నిలబడ్డాడు. వత్సల గుమ్మం చాటుకు జరిగింది. ముసలాడనే ఒక్క మాట పడకూడదని ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి. ఇంతమంది కలిసి తనను చంటిపిల్లాడిలా ఆడించారని తెలిస్తే మళ్ళీ ఎవరి మొహమైనా చూస్తారా?

"శితోళే" అన్నారు మాస్టారు, క్లాసులో హాజరు పిలిచినట్టు.

"సర్."

"ఆనాడు బెంచీకి నీకెన్ని మార్కులేశాను?"

"అయిదు సర్."

"తక్కువ వేశాను."

లేచి, పంచె చెంగుతో సుద్ద రాత శుభ్రంగా తుడిచేశారు. తర్వాత నల్ల సైకిలు పెడలు ఒక్క తిప్పు తిప్పి, చెయ్యి పైకెత్తారు.

"ఆగు! వినపడిందా?"

చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. గణపత్‌రావు కంగారుగా సైకిలుకు చెవి ఆనించాడు. "లేదు సర్... ఏమీ లేదే..."

"నడిపేవాడికి వినపడదు. టీ చెప్పు. పదకొండుదాకా పడుతుంది" అని మాస్టారు స్టూలు లాక్కుని తాపీగా కూర్చున్నారు. తల తిప్పకుండానే, "అమ్మాయ్, ఆ గుమ్మం చాటున ఎంతసేపు నిలబడతావు? నువ్వూ కూర్చో" అన్నారు.

వత్సల వచ్చి కూర్చుంది.

"దసరానాడు నాకు ఆమ్టీలో ఒక రబ్బరు గొట్టం తగిలింది" అన్నారు మాస్టారు టీ ఊదుకుంటూ. "కరివేపాకు కాడేమోనని చాలాసేపు నమిలాను."

వత్సల మొహం కందగడ్డలా అయింది. గణపత్‌రావు గాలి పంపు వెనక మొహం దాచుకున్నాడు.

"మరి... అప్పుడే ఎందుకు అడగలేదు మామయ్యా?"

"ఎందుకు అడగాలి? ఆమ్టీ బాగుంది" అన్నారాయన.